చెన్నక్క టీ ఆకు పప్పు

చెన్నక్క అని ఒకామె ఉండేదంట. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. కాకపోతే 'నాకు తెల్దు' అనే మాట మాత్రం ఆమె నోట్లోంచి ఒక్కనాడు గూడా రాలేదంట. పాము మంత్రం అడిగినా తెలుసనేది, రైలు యాళ అడిగినా తెలుసనేది. రైలు చూసిందా అంటే, ల్యా. సరే, ఆమెకు ఎర్రన్న అని ఒక కొడుకు. తాటిమాను మాదిరి మనిషి, నెమ్మదైనోడు, సేద్యం బాగా చేస్తాడు. అయినా వానికి పిల్లనిచ్చేవాళ్లు లేరు. ఎందుకంటే వాళ్ల పల్లె కొండకు అవతల, నీళ్లు తక్కువ, రాళ్లు ఎక్కువ. వచ్చినోళ్లంతా ఆ రాళ్లు చూసి 'జాతకం కుదరల్యా' అని చెప్పి పోతాండ్రి. జాతకం యాడ చూసినారు, చూసింది రాళ్లు గదా! అట్లుండంగా ఒక సమ్మందం వచ్చిందనుకో. పిల్ల తండ్రి నరసింగప్ప, మెత్తని మనిషి. పిల్లకు తల్లి లేదు, మేనత్త వరాలమ్మ సాకింది. ఆ వరాలమ్మది టవున్లో కాపరం. ఆమె ఊ అంటే పెండ్లి, ఊహూ అంటే లేదు. సమ్మందం తెచ్చిన పెద్దమనిషి వచ్చి, చెన్నక్కా, ఇల్లు చూసుకోను వాళ్లు బేస్తవారం వస్తారు, ఆయమ్మ టవును మనిషి, టీ లేకుంటే మొగమెత్తి మాట్లాడదంట, టీ ఆకు తెచ్చి పెట్టుకో అన్నాడు. చెప్పినాయన గూడా ఆ మాట చెవితో విన్నోడే గానీ నోటితో తాగినోడు కాదు. ఆ పక్క పల్లెల్లో అప్పటికి టీ అంటే ఏందో ఎవురికీ తెల్దప్పా. చెన్నక్క ఏమనాల? 'ఓస్, టీ ఆకా! నాకు తెలీదా ఏంది?' అనేసింది.

రాయచోటి సంతవీధిలో పీరాన్ సాయిబు అని ఒకాయన అంగడి పెట్టినాడు. ఉప్పు లేదు, పప్పు లేదు, ఒట్టి టీ ఆకే. చెక్కపెట్టెల్లో పోసి, తగరం మూతలేసి, నీలగిరి కొండల నుంచి తెప్పిచ్చినానని మీసం తిప్పుకుంటా కూసుంటాడు. ఎవరొచ్చినా చిటికెడు తీసి అరచేతిలో ఏసి, నలిపి వాసన చూడప్పా, తొలకరి వానకు మన్ను వాసనొచ్చినట్ల లేదూ అంటాడు. పాపం ఆయన కష్టం ఆయనకే తెలుసు. ఒకాయన, వాసన చూడమంటే ముక్కుపొడుం అనుకోని గట్టిగా పీల్చినాడంట. ఆ తుమ్ముకు పెట్టెలో ఆకు పెట్టెలో ఉంటుందా? లేసిపోయి పక్కంగడి పంచెల మీద పడిందంట. ఆ పంచెలాయన ఇప్పటికీ సాయిబుతో మాట్లాడడు. ఇంకొకామె నూరి చేతులకు పెట్టుకోని, తెల్లారినాక వచ్చి, ఏం సాయిబూ, నీ గోరింటాకు పండనేలేదే, దుడ్లు వాపసియ్యి అనిందంట. ఇట్లాంటివన్నీ పడి పడి, సాయిబు ఏం చేస్తాడంటే, ఆకు కొలిచే ముందు ప్రతి ఒక్కరినీ అడుగుతాడు, ఏం చేస్తావు దీన్ని, చెప్పు అని.

ఆ అంగడికి చెన్నక్క పోయింది. ఏం ఆకు గావల్ల తల్లీ, పెద్దాకా, సన్నాకా అన్నాడు సాయిబు. చెన్నక్క పెట్టెలో చెయ్యి పెట్టి నలిపి చూసింది. గలగలమనింది. ఏమైందంటే, ఆమె చెనిక్కాడ ఆకుకూరలు పండించే మనిషి గదా, కోపమొచ్చింది. 'ఏంది సాయిబూ, ఎండిపోయిన ఆకు అంటగడతాండావే! ఎప్పుడు కోసిందిది?' 'పోయినేడు కోసింది తల్లీ.' 'పోయినేటి ఆకా! నేను కొండకవతల దాన్నని ఇంత మోసమా? పచ్చిది తియ్యి!' 'అమ్మా, పచ్చిది చెట్టుకుంటాది, చెట్టు నీలగిరిలో ఉంటాది. ఇది ఎండబెడితేనే టీ అయితాది.' చెన్నక్కకు అర్థమైంది, తనకు తెలీదని బయట పడతాందని. ఎంటనే మాట తిప్పేసింది. 'అదే నేనూ అంటాండా. నీకు తెలుసో లేదోనని చూసినా.' సాయిబు నవ్వుకోని, ఇంట్లో పాలుండాయా అన్నాడు. బర్రె ఉండాదనింది. చక్కెర? బెల్లముండాదనింది. సరే, మొదట నీళ్లు బాగా మరగనిచ్చి, అని సాయిబు మొదలుపెట్టినాడో లేదో, 'ఆపు సాయిబూ, పుట్టినకాడ్నుంచి ఆకు వండుతాండా, నాకు నేర్పిస్తావా' అని పొట్లం చంకన పెట్టుకోని వచ్చేసింది. వండుతాండా అనింది, వినండప్పా, తాగుతాండా అనలా. సాయిబు ఆ మాట పట్టుకోలేకపాయ.

ఇంక బేస్తవారం. వాళ్లు మధ్యాన్నానికి దిగుతారు. చెన్నక్క పొద్దన్నే కుండెక్కిచ్చి, కందిబ్యాళ్లు ఏసి, మీద టీ ఆకు, పొట్లానికి పొట్లం బోర్లించింది. ఉడుకుతాంది, ఉడుకుతాంది, ఆకు మెత్తబడుతుందా? పడదు. పప్పేమో నల్లగా, ఎద్దుల్ని కడిగిన నీళ్ల మాదిరి అయిపాయ. చింతపండు పిసికింది. మిరపకాయలు, తెల్లగడ్డలు ఏసి తిరగవాత పెట్టింది. నాలిక్కి ఏసుకుంటే చేదు! అప్పుడు గుర్తొచ్చింది, సాయిబు పాలడిగినాడు గదా, చక్కెరడిగినాడు గదా, ఆ మర్మం ఇదే గామాల అని, చెంబుడు పాలు పోసి బెల్లం గడ్డ ఏసింది. చింతపండు పులుసులో పాలు పోస్తే ఏమయితాది? మీకు తెలుసు, నాకు తెలుసు. చెన్నక్కకు గూడా తెలుసు, కానీ అప్పటికే పోసేసింది. ఈ సమ్మందం గూడా పోతే నా కొడుకు గతేంది దేవుడా అని కండ్ల నీళ్లు పెట్టుకుంటా, ఆ విరిగిన పప్పును తిప్పుతానే ఉండాది. పక్కనుంచి ఎర్రన్న తొంగి చూసి, అమ్మా, ఇది మనుషులకేనా అన్నాడంట. గరిటె తీసుకోని తరిమిందంట.

వాళ్లొచ్చినారు. సంగటి ముద్ద పెట్టి, గుంట చేసి, గుంటలో ఆ పప్పు పోసింది. నరసింగప్ప ఒక్క ముద్ద నోట్లో పెట్టుకోని, ముందుకు మింగల్యాడు, ఎనక్కి తియ్యల్యాడు. ఇది, ఇదేం ఆకు వదినా అన్నాడు. 'టీ ఆకన్నా! మీ అక్కకు టీ లేకుంటే జరగదంట గదా!' అందరూ వరాలమ్మ తట్టు తిరిగినారు. ఇప్పుడు అసలు సంగతి చెప్తా వినండి. ఆ వరాలమ్మ ఎప్పుడూ టీ తాగలా! ఆమె ఇంటికెదురుగా టీ హోటలుంది, అంతే. ఆ వాసన పీల్చుకోని, ఊర్లోకొచ్చినప్పుడల్లా మాకు టీ లేకుంటే జరగదు అని గొప్పలు పోతా ఉండేది. ఇంతమంది చూస్తాండారు, తెల్దంటే తల తీసేసినట్లయితాది. కండ్లు మూసుకోని, ముద్ద మింగి, పెదాలు తుడుచుకోని అనింది గదా, 'బాగుండాది వదినా. మా టవున్లో అయితే బెల్లం కొంచెం తక్కువేస్తారు.' అంతే, అక్క బాగుందనినాక తమ్ముడు తినకుండా ఉంటాడా? పల్లెం ఊడ్చి తిన్నాడు.

తిని, కాసేపు నడుం వాలుద్దామని వసారాలో పండుకున్నారు. యాడ నిద్ర! గుంపంతా గుడ్లగూబల మాదిరి కండ్లు తెరుచుకోని మిద్దె దూలాలు చూస్తాండారు. గుండెలు డోళ్ల మాదిరి కొడతాండాయి. నరసింగప్ప లేసి కూసుని, ఏమొదినా, ఊరికే పండుకునే బదులు మాటలన్నా అనుకుందామా అన్నాడు. పెండ్లి మాటలంటే ఎట్లుంటాయి? ఇయ్యాల ఒకమాట, వచ్చే నెల ఒకమాట, మధ్యలో ఇద్దరలుగుతారు. ఆ పొద్దు కూసున్నచోటనే ముహూర్తమూ, పందిరీ, మేళమూ, అన్నీ తేలిపాయ. అలగను గూడా తీరిక లేదు, ఒకరి మాట మీద ఒకరు మాట్లాడతాండారు. అయినా నిద్ర రాదే! చేతులు ఊరికే ఉండల్యాక, ఇత్తనాలకని పెట్టిన శెనక్కాయల మూటలు ముందరేసుకోని పటపటా ఒలిచినారంట. వియ్యంకులొచ్చి ఇత్తనాలు ఒలిచిపోయిన ఇల్లు ఏ రాజ్యంలో అన్నా ఉందా?

అంతా బాగుండాది. కానీ ఏమైందంటే, నరసింగప్ప ఇంటికి పోయి అక్కను కూసోనీడు. కూలోళ్లకు ఆ పప్పు పెడితే చెనంతా ఒక్కపొద్దులో కలుపు తీస్తారు, ఆకు తెచ్చియ్యి అంటాడు. వరాలమ్మ గతిలేక సాయిబు అంగడికి పోయింది. ఏం చేస్తావు తల్లీ ఈ ఆకును అన్నాడు సాయిబు. 'పప్పులోకి' అనింది. సాయిబు చేతిలో త్రాసు కిందపడింది. 'పప్పులోకా! నా నీలగిరి ఆకు పప్పులోకా! ఎవురు చెప్పినారు నీకు?' అంటాండంగానే, పెండ్లికని ఆకు కొనను చెన్నక్క గూడా వచ్చి నిలబడింది. ఇదిగో, మా వియ్యపురాలే చేసి పెట్టిందని వరాలమ్మ చెయ్యి చూపిచ్చింది. సాయిబుకు అంతా తెలిసిపాయ. లోపలికి పోయి, పొయ్యి రాజేసి, పాలూ చక్కెరా ఏసి, వడగట్టి, రెండు గలాసులు తెచ్చి ముందర పెట్టినాడు. టీ అంటే ఇదీ, తాగండి అన్నాడు.

ఇద్దరికీ పై ప్రాణాలు పైనే పోయినాయి. చెన్నక్కకేమో, అయ్యో, నా బండారం బయటపడిపాయ, ఇంక సమ్మందం తెగినట్లే అని దిగులు. వరాలమ్మకేమో, ఇది నాకు తెలీదని వియ్యపురాలికి తెలిస్తే నా టవును గొప్ప ఏం గావల్ల అని దిగులు. ఆ కంగార్లో వరాలమ్మ గలాసు తీసుకోని, మజ్జిగ తాగినట్ల గటగటా ఒక్క గుక్కలో పోసుకుంది. కాల్తాండే టీ! అయ్యో అని అంగట్లో ఎగిరి గంతేసింది. మూతలన్నీ డబడబా కింద పడినాయి. చెన్నక్క ఆమె తట్టు చూసింది. 'వదినా, నిజం చెప్పు. నువ్వు టీ ఎప్పుడూ తాగలేదా?' వరాలమ్మ నాలిక బయటపెట్టుకోని ఊదుకుంటా, 'తాగింటే ఆ పప్పు తింటానా వదినా!' అనేసింది. ఇంక చూడు నవ్వు! ఒకరి భుజం మీద ఒకరు పడి, కండ్లల్లో నీళ్లొచ్చేదంకా నవ్వినారు. నాకూ తెల్దు వదినా అని చెన్నక్క అనేసింది. బతుకులో మొదటిసారి ఆ మాట. అని, ఆశ్చర్యంగా నోరు తడుముకుందంట, ఏమీ ఊడిపోలా. చల్లారినాక టీ తాగి, ఇంత బాగుండేదాన్ని నల్లగా చేసి సంపేస్తినే అనుకుందంట.

సాయిబు మాత్రం నవ్వలా. పెండ్లికి నేనే వచ్చి కాస్తా, మీ చేతికి ఆకియ్యనన్నాడు. వచ్చి గంగాళం నిండా కాసినాడు. వరాలమ్మ పూసగుచ్చినట్ల అందరికీ చెప్పింది, గలాసులో తాగాలప్పా, ఊదుకోని తాగాల అని. వింటారా? పంక్తిలో కూసున్న ముసిలోళ్లు, ఈ రసం బాగుండాదే అని అన్నంలోకి పోయించుకున్నారు. సాయిబు తల పట్టుకోని పందిరి గుంజకు ఆనుకోని కూసుండిపాయ.

ఆ కతంతే. ఇందులో నీతేందని నన్నడగద్దండి. తెల్దని మొదటే చెప్పింటే మంచి పప్పు మిగిలేది నిజమే, కానీ ఆ పెండ్లి ఇప్పటికీ జాతకాలు చూస్తానే ఉండేది. ఇంకొకటి, ఈ కతను మీ ఇండ్లల్లో చెప్పేటప్పుడు కొంచెం చూసుకోని చెప్పండి. నేను చెప్తే మా ఇంటామె శ్రద్ధగా విని, పప్పులోకి ఎంత ఆకు పడుతుందో అడిగింది. ఆ పొద్దు నేను చెనికాడ్నే ఉండిపోతి, కూటికి గూడా పోలా.