ఎడమవైపు ఏం తీశారు?

ఆపరేషన్ గది తలుపు దగ్గర. లోపల పదమూడేళ్ళ పిల్ల మత్తులో ఉంది. చేతి తొడుగులతోనే బయటికొచ్చిన డాక్టరమ్మ, పిల్ల తల్లి, నాయనమ్మ.

“అపెండిక్స్ తీశారని చెప్పాం కదా డాక్టరమ్మా! ఎన్నిసార్లడుగుతావు?”

“పెద్దమ్మా, అపెండిక్స్ నిక్షేపంగా ఉంది. లేనిది ఎడమవైపు అండాశయం. ఎవరు తీశారు? ఎందుకు తీశారు?”

“పుట్టుకతోనే లేదేమో.”

“కుట్టుమచ్చ కూడా పుట్టుకతోనే వచ్చిందా? అమ్మా, నువ్వు చెప్పు. కుడివైపు దాంట్లో గడ్డ ఉంది, మెలిపడింది. పిల్లకి మిగిలింది అదొక్కటే. అప్పటిది కాన్సరు గడ్డైతే దీన్నీ మొత్తం తీసెయ్యాలి. మామూలుదైతే గడ్డ మటుకు ఒలిచి, అండాశయం మిగులుస్తా.”

“మేడమ్, అదీ... నాలుగేళ్ళ కింద...”

“నోర్ముయ్యవే! ఇంటి గుట్టు...”

“మీ గుట్టు మూలాన రేపు పిల్లకి కానుపు కాదు గదా, నెలసరే ఉండదు. పాత కాగితాలేవి?”

“పొయ్యిలో పెట్టా.”

“రిపోర్టు ఏమని వచ్చింది?”

“చదివితే కదా!”

“పోనీ, ఆ గడ్డనైనా చూశారా?”

“చూపించాడుగా అప్పుడు కోసిన ఆ డాక్టరు మహానుభావుడు, పళ్ళెంలో పెట్టి.”

“ఎలా ఉంది?”

“ఎలా ఉంటే ఏం?”

“చెప్పండి అత్తయ్యా! లోపల పిల్ల కడుపు కోసి ఉంది.”

“జుట్టు. ఇంత పొడుగు. రెండు పళ్ళు. చాలా? తొమ్మిదేళ్ళదాని కడుపులో! ఆయనేదో చెప్పబోతే, బాబ్బాబూ, నోటితో అనకు, అపెండిక్స్ అని రాయి అని కాళ్ళు పట్టుకున్నా.”

“జుట్టూ పళ్ళూనా? హమ్మయ్య! బతికించావు పెద్దమ్మా. అయితే మామూలు గడ్డే. ఇదీ అలాగే కనిపిస్తోంది. ఒలిచేస్తా.”

“హమ్మయ్యేంటి మేడమ్? మరి ఆ బిడ్డ?”

“ఏ బిడ్డ?”

“ఆ జుట్టూ పళ్ళూ... బిడ్డవి కావా?”

“పిచ్చితల్లీ! అది దానంతటదే పెరిగే గడ్డ. లోపలే వెంట్రుకలూ పళ్ళూ మొలుస్తాయి. పొత్తిళ్ళలో పిల్లకైనా రావచ్చు.”

“మగాడు... అక్కర్లేదా?”

“ఏ మగాడూ అక్కర్లేదు. జరుగు, లోపలికెళ్ళాలి.”

“అత్తయ్యా.”

“ఏంటే?”

“గదిలో వేసి, గరిట కాల్చి పెట్టి, ఎవడే ఎవడే అంటే మూడో రోజున ‘మామయ్య’ అంది కదా.”

“దెబ్బకి దెయ్యమే దిగుతుంది, పిల్లెంత? ఏదో పేరు చెప్పింది.”

“ఏదో పేరు కాదు. నా తమ్ముడు.”

“ఇప్పుడా తవ్వకాలెందుకు? వాణ్ణి మనం కొట్టామా, తిట్టామా? ఆ వారంలోనే గుండాగి పోయాడు. వాడి ఆయుష్షంతే. ఆ పాపం మనకి అంటదు, ఊరుకో.”

“గుండాగి కాదు అత్తయ్యా. పిలిచి అన్నం పెట్టా. అందులో పురుగుమందు కలిపా.”