పొద్దు గుంకక ముందా, గుంకాకా?

అధ్యక్ష స్థానంలో కూర్చుని ఇప్పటికే రెండుసార్లు గడియారం చూసుకున్న రబ్బీ నఫ్తాలి గారికి, కోట్లు విప్పకుండా ముందు వరుసలో కూర్చున్న పెద్దలకు, కేకు ఎప్పుడు కోస్తారా అని వెనక వరుసల్లోంచి మెడలు సాగదీస్తున్న మిత్రులకు, వీళ్ళందరికంటే ముందు, ముప్ఫై నాలుగేళ్ళు మన సినగాగ్ ఆఫీసు నడిపి రేపు పొద్దున తాళాలు అప్పగించి ఇంటికెళ్ళబోతున్న మన సెక్రటరీ హారియెట్ వోల్పిన్ గారికి నా నమస్కారాలు.

నేనెవరో తెలియనివాళ్ళు ఈ హాల్లో ఇద్దరే ఉన్నారు, వాళ్ళ సంగతి చివర్లో చెప్తాను. వాళ్ళ కోసం: నా పేరు స్టాన్ హూడాక్. పీచ్ స్ట్రీట్‌లో దీపాల కొట్టు నాది. ఈ ఈరీ ఊళ్ళో మీలో ఎవరింట్లో ఏ గదిలో ఏ బల్బు వెలుగుతోందో, ఎవరింట్లో మెట్ల మీది బల్బు ఆర్నెల్ల నుంచి మాడిపోయి ఉందో కూడా నాకు తెలుసు. మీ గురించే రబ్బీ గారూ. (నవ్వులు) మా ఆవిడ రీనా ఇక్కడే పుట్టి, ఇక్కడే పెరిగింది. నేను స్లోవాక్ క్యాథలిక్కుల ఇంట్లో పుట్టాను, ముప్ఫై మూడేళ్ళుగా ఈ యూదుల ప్రార్థనా మందిరం తలుపు తోసుకుని వస్తున్నాను, ఇప్పటికీ క్యాథలిక్కునే. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు రీనా ఒకటే చెప్పింది: "పది నిమిషాలు స్టాన్. కొట్లో కస్టమర్లతో వాగినట్టు వాగకు." నాకు ఇంకో రకంగా మాట్లాడటం రాదు, మీరే సర్దుకోవాలి.

వెనక గోడ చూడండి. మన స్మారక ఫలకం. ఇత్తడి పేర్లు, ఒక్కో పేరు పక్కన ఒక చిన్న బల్బు, సంవత్సరికం వచ్చిన వారం ఆ బల్బు వెలుగుతుంది. ఆ సైజు బల్బులు ఈ ఊళ్ళో ఇంకెవరూ తెప్పించరు. ఇరవై తొమ్మిదేళ్ళుగా నిచ్చెనెక్కి మార్చేది నేనే. "ఊళ్ళో పోయిన యూదులందరికీ దీపం పెట్టేది మా క్యాథలిక్ అల్లుడే" అని మా మామగారు అందరికీ గొప్పగా చెప్పుకునేవాడు. కానీ మన నియమావళిలో నాలుగో అధ్యాయం ఒకటుండేది. ఆ గోడ మీద యూదుల పేర్లు మాత్రమే ఉండాలని. అంటే బల్బు నేను పెట్టొచ్చు, మా అమ్మ పేరు మాత్రం పెట్టకూడదు. ఈ సాయంత్రం హారియెట్ గారి గురించి చెప్పడానికి నా దగ్గర వంద కబుర్లున్నాయి గానీ, నేను ఆ ఒక్క పేరు సంగతే చెప్తాను.

మా అమ్మ లుడ్మిలా. ఆదివారం మా కొట్టు కిటకిటలాడే రోజు, రీనాకీ నాకూ ఊపిరాడదు. పిల్లల హీబ్రూ క్లాసులేమో ఆదివారం పదింటికి. అందుకని మా అమ్మ పొద్దున్నే చర్చిలో పూజ ముగించుకుని, తలకు కట్టుకున్న స్కార్ఫు విప్పకుండానే వచ్చి, టాలియాని, ఎజ్రాని కార్లో ఇక్కడ దింపేది. క్లాసయ్యేదాకా రెండు గంటలు పార్కింగులో కార్లోనే కూర్చుని స్వెట్టర్ అల్లుకునేది. ఈరీ సరస్సు మీంచి గాలి ఎలా కొడుతుందో మీకు వేరే చెప్పాలా. "లోపలికెళ్ళి కూర్చోమ్మా" అంటే, "నాకెవరు తెలుసురా అక్కడ? ఏది ముట్టుకోవచ్చో ఏది ముట్టుకోకూడదో ఏమన్నా తెలుసా? నా కారు నాకు బాగానే ఉంది" అనేది. అలా రెండు చలికాలాలు గడిచాయి. నేను ఊరుకున్నాను. ఇప్పటికీ అది తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

రెండో చలికాలంలో ఒక ఆదివారం ఎవరో కారు అద్దం మీద టకటకా కొట్టారట. చూస్తే చేతిలో కాఫీ కప్పుతో హారియెట్ గారు.

"ఎవరి కోసమండీ?"

"మనవడు, మనవరాలు లోపల చదువుకుంటున్నారు."

"మరి మీరిక్కడ గడ్డకట్టుకుపోతున్నారేం? లోపల హీటర్ ఎవరూ లేని గదిలో ఊరికే తిరుగుతోంది. దిగండి, దిగండి. అద్దం దించకండి, తలుపు తీయండి, కాఫీ చల్లారిపోతోంది."

ఆ సాయంత్రం "ఎలా ఉందమ్మా అక్కడ?" అని అడిగాను. "వెచ్చగా ఉందిరా" అంది. అంతే. ఇంకేం చెప్పలేదు.

మరుసటి ఆదివారానికి మా అమ్మ కృతజ్ఞతగా అక్రోటు రోల్స్ చేసి తెచ్చింది. రెండు పెద్ద రోల్స్, మా స్లోవాకులు పండక్కి చేసేవి. పిల్లలూ టీచర్లూ ఇంకా క్లాసుల్లోంచి రాలేదు, ఒక్క మోర్ట్ ఏబెల్సన్ గారే ఉన్నారు. నియమావళి కమిటీకి అప్పుడూ ఆయనే అధ్యక్షుడు. రెండు ముక్కలు తిన్నారు.

(హాల్లోంచి మోర్ట్ గారు: "ఒకటిన్నర!")

సరే, ఒకటిన్నర. తిని, "ఇంత మెత్తగా ఎలా వచ్చిందమ్మా?" అని అడిగారు. మా అమ్మ ఎంతో గర్వంగా, "మంచి పంది కొవ్వు బాబూ, మా కసాయి దగ్గర చెప్పి తెప్పించాను" అంది. (చాలాసేపు నవ్వులు)

నవ్వండి నవ్వండి. పంది పేరెత్తని వంటగదిలో ఆ రోజు ఎవరూ నవ్వలేదు. మా అమ్మ మొహం పాలిపోయింది, మోర్ట్ గారి మొహం ఇంకా పాలిపోయింది. మా అమ్మ కారు తాళాలు వెతుక్కుంటోంది. అలా వెళ్ళిపోయుంటే ఇంకోసారి ఈ గడప తొక్కేది కాదు. హారియెట్ గారు ఆ ట్రే తీసుకెళ్ళి భద్రంగా మా అమ్మ కారులో పెట్టి, తిరిగొచ్చి, మా అమ్మ నడుముకి సినగాగ్ వంటగదిలోని ఏప్రాన్ కట్టేసింది. "ఇక్కడ పిండి ఉంది, మా వెన్న ఉంది, మా పొయ్యి ఉంది. వచ్చే వారం ఇక్కడే చేయండి. మోర్ట్‌కి ఇంకా ఒకటిన్నర బాకీ ఉన్నాం." ఆ తర్వాత ఏడేళ్ళు ఆ వంటగది ఆదివారాలు మా అమ్మవే. మన పిల్లలందరూ ఆవిణ్ణి నానమ్మా అనే పిలిచారు. పిల్లలకి పన్నెండు పదమూడేళ్ళు నిండాక చేసే బాత్ మిత్స్వాలకి, బార్ మిత్స్వాలకి ఆ రోల్ లేకపోతే కార్యక్రమం అయినట్టే ఉండేది కాదు. వెన్నతో ఇంకా బాగుంటుందని చనిపోయేదాకా ఒప్పుకోలేదు, అది వేరే సంగతి.

ఎనిమిదేళ్ళ కిందట పోయింది. చర్చిలో అంత్యక్రియలకి మీరందరూ వచ్చారు. మన ఆచారం ప్రకారం ఎవరూ పువ్వులు తేలేదు, అందరూ వండుకుని తెచ్చారు. మా చర్చి ఫాదర్ నన్ను పక్కకి పిలిచి, "స్టాన్, మీవాళ్ళ దగ్గర్నించి ఒక్క పువ్వు లేదు, పదకొండు ట్రేల నూడుల్స్ కూగెల్ ఉంది, ఎక్కడ పెట్టమంటావు?" అన్నాడు. ఫ్రీజర్లో పెట్టి ఈస్టర్ దాకా తిన్నాం. (నవ్వులు)

ఆ తర్వాతి వారం బల్బులిద్దామని ఆఫీసుకొచ్చాను. హారియెట్ గారు సొరుగు లాగి, సంవత్సరికాల కార్డొకటి బయటికి తీసి, పెన్ను మూత విప్పి అడిగింది.

"మీ అమ్మ పోయింది పొద్దు గుంకక ముందా, గుంకాకా?"

ముందు వరుసలో ఉన్న ఆ ఇద్దరిలో ఒకాయన కోసం చెప్తున్నాను: మన తిథి చంద్రుణ్ణి బట్టి నడుస్తుంది, పొద్దు గుంకగానే మారిపోతుంది. పది నిమిషాల తేడాలో మనిషి ఇంకో తిథిలో పోయినట్టవుతుంది. అందుకని పోయినవాళ్ళ పిల్లల్ని హారియెట్ గారు మొదట అడిగే ప్రశ్న అదే. ముప్ఫై నాలుగేళ్ళలో ఎన్ని ఇళ్ళని అడిగిందో. నన్నడుగుతుందని మాత్రం నేననుకోలేదు.

"హారియెట్ గారూ, మా అమ్మ పేరు గోడ మీద పెట్టనివ్వరు కదా" అన్నాను.

"గోడ గురించి నేనడిగానా? ముందా, గుంకాకా?"

"డాక్టర్ కాగితంలో ఐదూ ఇరవై అని ఉంది."

"డాక్టర్ వచ్చి రాసిన టైము నాకెందుకు? పక్కన ఉన్నది నువ్వు. ఆవిడ పోయినప్పుడు ఏం చూశావు?"

గడియారం చూడలేదు. కిటికీలోంచి చూశాను. ఆస్పత్రి పార్కింగులో దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. అదే చెప్పాను.

"దీపాల కొట్టువాడివి నువ్వే కదా, అవెప్పుడు వెలుగుతాయి?"

"అవి సెన్సర్ దీపాలండీ. పొద్దు పూర్తిగా పోయాక పది నిమిషాలకి గానీ వెలగవు."

"అయితే గుంకాకే. తర్వాతి తిథి." రాసేసింది. లుడ్మిలా హూడాక్, హీబ్రూ నెల, తిథి. సొరుగులో హెచ్ అక్షరం దగ్గర, హొరోవిట్జ్ తర్వాత పెట్టి మూసేసింది. నేను ఆ బల్బుల పెట్టె పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. చర్చిలో కూడా అంత ఏడవలేదు.

ఒక్క నిమిషం ఆగండి. కాసిని నీళ్ళివ్వండి.

నాలుగేళ్ళు ఆ కార్డు సొరుగులోనే ఉంది. ఏటా ఆ తిథి ముందురోజు ఫోను: "స్టాన్, రేపు సాయంత్రం నుంచి మీ అమ్మ సంవత్సరికం." నేను కొట్లో ఒక దీపం వెలిగించి పెట్టుకునేవాణ్ణి. ఆ నాలుగేళ్ళూ కమిటీలో చర్చ. చివరికి ఓటింగు పెట్టిన రోజు, సంగతి నాదే కాబట్టి నన్ను బయట కూర్చోమన్నారు. కోట్లు తగిలించే గదిలో కూర్చున్నాను. ఆ తలుపు సరిగ్గా పడదు, బాగుచేస్తానని నేనే ఏళ్ళ తరబడి వాయిదా వేశాను, అందుకని అంతా వినపడింది. (నవ్వులు) నా ఎదురుగా గోడ మీద, మేకు కొట్టాల్సిన చోట పెన్సిలు గుర్తు పెట్టి ఉంది. ఎందుకో తర్వాత అర్థమైంది.

మోర్ట్ గారు మాట్లాడుతున్నారు: "నేను ఆవిణ్ణి అవమానించడం లేదు. ఆవిడ చేతి రోల్ మీ అందరికంటే ఎక్కువ తిన్నవాణ్ణి. కానీ మనం కొద్దిమందిమి. గీతలు ఒక్కొక్కటే చెరిపేస్తూ పోతే రేపు మిగిలేదేంటి? కోట్ల గది దగ్గర ఇంకో ఫలకం పెడదాం. 'మిత్రులు' అని రాద్దాం. అదే ఇత్తడి, అదే సైజు. తప్పేముంది?"

తప్పేముందో నాకూ తోచలేదు, నిజం చెప్పొద్దూ. సరేననేద్దామనే అనుకున్నాను.

అప్పుడు హారియెట్ గారి గొంతు. "నేను పెన్ను కింద పెడుతున్నాను. ఇది మినిట్స్‌లోకి ఎక్కదు, ఎందుకంటే రాసేదాన్ని నేనే." తర్వాత చెప్పింది. "అరవై ఒకటిలో మా అక్క బెర్నీస్ వాల్టర్‌ని చేసుకుంది. మెథడిస్టు కుర్రాడు. మా నాన్న ఇంట్లో అద్దాలన్నిటికీ, చావింట్లోలా, గుడ్డలు కప్పమన్నాడు. కప్పింది నేనే, నాకు పద్నాలుగేళ్ళు. బతికున్న మనిషికి ఏడు రోజులు కింద కూర్చుని ఏడ్చాం. ఆ తర్వాత భోజనాల బల్ల దగ్గర దాని కుర్చీ మిగిలిపోయింది. అమ్మ పోయేదాకా దాన్ని ఎవర్నీ తీయనివ్వలేదు, ఎవర్నీ కూర్చోనివ్వలేదు. మోర్ట్, గీత దగ్గర ఏం మిగుల్తుందో నన్నడుగు. లుడ్మిలా రెండు చలికాలాలు కారులో కూర్చుంది. ఇంక కోట్ల దగ్గర కూర్చోబెట్టనివ్వను. కార్డు నాలుగేళ్ళ కిందటే రాసేశాను, తిథితో సహా."

అప్పుడు మోర్ట్ గారు: "తిథి రాసేశావా? ఎవర్నడిగి?"

"కొడుకుని అడిగి."

"పొద్దు గుంకక ముందా, గుంకాకా?"

"గుంకాక."

"సాక్ష్యం ఎవరు?"

"ఆస్పత్రి పార్కింగు దీపాలు. దీపాల కొట్టువాడే చెప్పాడు."

కుర్చీ జరిగిన చప్పుడు. "అయితే సరే. తిథి నిలిచిన మనిషిని కోట్ల గదిలో ఎలా పెడతాం? నాలుగో అధ్యాయం రాసింది నేనే, కొట్టేసేదీ నేనే." మొదటి చెయ్యి ఆయనదేనట. పద్నాలుగు ఓట్లు ఔనని, మూడు కాదని. తర్వాత ఆయనే బయటికొచ్చి, నాతో ఒక్క మాట మాట్లాడకుండా, బొటనవేలు తడి చేసుకుని గోడ మీది పెన్సిలు గుర్తు చెరిపేశారు. (చప్పట్లు)

మోర్ట్ గారూ, లేవండి, ఆ చప్పట్లు మీకే. ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను, కోప్పడకండి. ఆ ముందు వరుసలో ఉన్న ఇద్దరూ ఎవరో కాదు, బెర్నీస్ గారు, వాల్టర్ గారు. అక్క ఇలాంటి గడప తొక్కి యాభై ఎనిమిదేళ్ళయింది. మొన్న టొరంటో వెళ్ళి వాళ్ళని కార్లో తీసుకొచ్చింది మోర్ట్ గారే, ఎనభై ఒక్క ఏళ్ళ వయసులో. ఆయన డ్రైవింగు ధాటికి వాల్టర్ గారు దారి పొడుగునా హీబ్రూలో ప్రార్థన చేశారట. (నవ్వులు) బెర్నీస్ గారూ, మీ చెల్లెలి పక్క కుర్చీ మీదే. ఇంకెవరూ కూర్చోరు.

ఇప్పుడు ఒక్కసారి, వేరే మతంలో పుట్టి ఈ హాల్లో కూర్చున్న వాళ్ళందరూ లేవండి. సిగ్గుపడకండి. కొలీన్, నువ్వు ముందు లే, రేపట్నించి హారియెట్ గారి కుర్చీ నీదేగా. చూశారా! నేను మొదటిసారి వచ్చినప్పుడు ముగ్గురం, కోట్లు తగిలించే చోట నిలబడేవాళ్ళం. ఇప్పుడు నాకు లెక్క తేలడం లేదు. హారియెట్ గారూ, వెనక్కి తిరిగి చూడండి. వీళ్ళలో మీరు వెళ్ళి అద్దం కొట్టనివాళ్ళు ఎంతమంది?

ఆఖరుగా, రబ్బీ గారి అనుమతితో హాల్లో లైట్లు ఒక్క నిమిషం తీసేస్తున్నాను. ఇవాళ ఆదివారం, మన విశ్రాంతి దినం నిన్ననే అయిపోయింది, స్విచ్ ముట్టుకోవచ్చు, మోర్ట్ గారూ కంగారుపడకండి.

చూడండి, గోడ మీద ఈ వారం ఐదు బల్బులు వెలుగుతున్నాయి. ఒకటి మా అమ్మది. ఏది ఎవరిదో ఇక్కడ్నించి చెప్పండి చూద్దాం. చెప్పలేరు. అన్నీ ఒకే పెట్టెలోవి, అమ్మింది నేనే.

(చీకట్లోంచి హారియెట్ గారు: "పై వరుసలో ఎడమ నుంచి మూడోది, స్టాన్.")

ఆవిడ చెప్పగలదు. అందుకే ఈ సభ.

హారియెట్ గారూ, మా అమ్మ తరఫున చెప్పాల్సింది ఆవిడే ఎప్పుడో చెప్పేసింది, నేను మళ్ళీ అప్పగిస్తున్నానంతే. లోపల వెచ్చగా ఉంది. మీ అందరికీ కృతజ్ఞతలు. సెలవు.