సున్నం అంటిన చెయ్యి

సముద్రం ఒడ్డున మా సూర్ ఊళ్ళో మర్హూన్ మామ నోరు విప్పితే సముద్రం కూడా కాస్త ఆగి వింటుందని అంటారు. ఆ మాట మొదట అన్నది ఆయనే.

ఆ రోజు పొద్దు వాలే వేళ అసర్ నమాజు అయ్యాక మేమంతా ఆయన పడవ మబ్రూకా నీడలో చేరాం. ఖర్జూరాలు, కాఫీ ఉన్నాయి గానీ ఎవరూ సరిగ్గా ముట్టడం లేదు. మామ తమ్ముడు హుమైద్ పోయిన దగ్గర్నుంచీ ఆ పడవ ఇసకలో దుంగల మీదే ఉంది, ఒక్కసారైనా నీళ్ళు ముట్టలేదు. అందులో సగం వాటా హుమైద్ కొడుకు ఖల్ఫాన్‌ది. గురువారం వచ్చే పెద్ద పోటుకి పడవ నీళ్ళలో దిగకపోతే పలకలు కోయించి, హోటల్ వాళ్ళకి బల్లలు చేసుకోమని ఇచ్చేస్తానని ఆ అబ్బాయి తేల్చి చెప్పేశాడు. క్రేను పెట్టి ఎత్తితే ఎండిన పలకలు చిట్లిపోతాయి. తాళ్ళు కట్టి మనుషులే లాగాలి, దానికి వీధి వీధంతా రావాలి. మామకి ఒకళ్ళని సాయం అడగడం పుట్టుకతో రాలేదు. కోతలు కొయ్యడం మాత్రం బాగా వచ్చు.

ఆయన చేతిలో పెద్ద గిన్నె ఉంది. అందులో గొర్రె కొవ్వు కరిగించి కలిపిన సున్నం. పడవ అడుక్కి పాచి, గుల్లలు పట్టకుండా మా తాతల నాటి నుంచీ పూసేది అదే. మామ నవ్వకుండా, చావు కబురు చెప్పేంత గంభీరంగా మొదలుపెట్టాడు.

"నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కానని మీకు తెలుసు. జరిగింది జరిగినట్టు చెప్తాను. అప్పటికి నాకు మీసం కూడా సరిగ్గా రాలేదు. జాంజిబార్ పోయొచ్చిన ప్రతి పడవకీ అడుగున బెత్తెడు మందాన గుల్లలు, గీకి గీకి మా నాన్న చేతులు పుళ్ళు పడేవి. నేనేం చేశానూ, అందరూ కలిపే కొవ్వూ సున్నంలోనే మా అమ్మ చూడకుండా వంటింట్లోంచి ఇంత ఇంగువ, ఇంత సాంబ్రాణి తెచ్చి నూరి కలిపాను. అంతే. ఆ ఏడు తిరిగొచ్చాక చూస్తే అడుగు మొత్తానికి మూడే గుల్లలు. అవీ తుమ్ముతున్నాయి."

"గుల్లలు తుమ్ముతాయా పెదనాన్నా?" అన్నాడు ఖల్ఫాన్.

"ఇంగువ తగిలితే ఎవరైనా తుమ్ముతారు. ఇదిగో, వాసన చూడు. చూడ్డం కాదురా, ఇంత తీసి ఆ పలకకి పుయ్యి, దాని జిగి తెలుస్తుంది."

ఖల్ఫాన్ విసుక్కుంటూనే ఓ పిడికెడు తీసి పలక మీద రుద్దాడు. మామ గిన్నె పక్కవాడికి అందించి కథలో పడ్డాడు.

"మరుసటేడు పాళ్ళు కాస్త మార్చాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పట్టడానికి వచ్చిన గుల్లలు పట్టలేక జారి, పక్కన లంగరేసిన పడవకి పోయి అతుక్కున్నాయి. ఒకదాని మీద ఒకటి, దాని మీద ఇంకోటి. ఆ సరంగు పొద్దున్నే లేచి చూసుకుంటే వాడి పడవ కాస్తా దీవి అయి కూర్చుంది. రెండు వానలు పడేసరికి కొబ్బరి చెట్లు కూడా మొలిచాయి. పాపం, వాడు ఇప్పటికీ అక్కడే కాపురం."

"పెళ్ళాం పిల్లలు కూడానా?" అని అడిగాన్నేను.

"తర్వాత పిలిపించుకున్నాడు. నువ్వూ పుయ్యి, ఖాళీగా కూర్చోకు. ఎక్కడున్నానూ? ఆఁ, మబ్రూకా. అది అంత నున్నగా అయిపోయేసరికి నీళ్ళకి దాన్ని పట్టుకోవడం చేతకాలేదు. తెరచాప దించితే ఆగదు, లంగరేస్తే లంగరుతో సహా పోతుంది. ఓసారి ఇక్కడ పొయ్యి మీద అన్నం పడేసి బయల్దేరాం, అది ఉడికి దించేలోపు జాంజిబార్ వచ్చేసింది. పడవ నీడ మాత్రం మాతో సమానంగా రాలేకపోయింది. సాయంత్రానికి ఆయాసపడుతూ వచ్చి చేరింది. అందాకా ఆ రేవులో నీడ లేకుండా నిలబడ్డాం, ఎంత సిగ్గేసిందో."

అప్పుడొకడు నవ్వాడు. మామ వాడివైపు చూసిన చూపుకి వాడు నవ్వు మింగేసి గిన్నె అందుకున్నాడు. గిన్నె సుబైత్ దగ్గరికి వచ్చింది. తాళ్ళు పేనే సుబైత్, మామ ఈడువాడే, హుమైద్‌కి ప్రాణ స్నేహితుడు. వేళ్ళతో సున్నం తీసి, నలిపి, పలచగా ఉందని గొణిగి పలకకి పూశాడు. మామ గిన్నెలో ఇంకాస్త సున్నం వేసి మళ్ళీ మా మధ్యకి తోశాడు.

"ఆ సంగతి తిమింగలాలకి తెలిసింది. వాటి వీపు నిండా గుల్లలేగా, దురదకి నిద్రుండదు. ఓ రోజు ఒకటొచ్చి మా పడవకి వీపు రాసుకుంది. జలజలా రాలిపోయాయి అన్నీ. మర్నాటికి చుట్టపక్కాలందర్నీ వెంటేసుకొచ్చింది. వరసలో రండర్రా అంటే వింటేనా? చివరికి నేనే చుక్కాని వదిలేసి, చూలు మోసేవి ముందు, ముసలివి తర్వాత, వయసులో ఉన్నవి ఆఖర్న అని కట్టడి చేశాను. ఒకటి పోతూ పోతూ నాకు అత్తర్లలో వేసి బంగారం ధరకి అమ్మే అంబరు, ఏనుగు తలకాయంత ముద్ద, కక్కి పోయింది. మా ఇల్లు దాంతోనే కట్టింది."

"మీ ఇల్లు మీ తాత కట్టింది" అన్నాడు సుబైత్.

"గోడలు ఆయనవి. సున్నం నాది" అన్నాడు మామ. తర్వాత చేతికంటిన సున్నం పలకకి రాశాడు. గొంతు మారింది.

"ఇక ఆఖరిది చెప్తాను. హుమైద్ పోయిన ఏడు. నేను ఒంటరిగా పడవ మీద కూర్చుని ఉంటే లంగరు తాడు పట్టుకుని ఓ గుల్ల పైకొచ్చింది. మన మసీదు తలుపంత ఉంది. ముసలావిడ. నాలుగు సముద్రాల గుల్లలకీ తల్లి. 'మర్హూన్, నువ్వొచ్చిన చోటల్లా నా పిల్లలు నిలవనీడ లేక కొట్టుకుపోతున్నారు, నీకూ తోడబుట్టినవాడు పోయాడు గదా, ఆ బాధ నీకు తెలీదా' అంది. నాకు కన్నీళ్ళు ఆగలేదు. 'అమ్మా, ఇక నా మబ్రూకా నీళ్ళలో దిగదు' అని మాటిచ్చాను. అందుకే ఇది ఇక్కడుంది. ఇంకేం కారణం లేదు. అప్పట్నుంచీ ఏటా పూస్తున్నాను, చూసుకోండి, ఒక్క గుల్ల కనిపిస్తే నా పేరు మార్చుకుంటాను."

సుబైత్ కాఫీ గిన్నె ఇసకలో పెట్టాడు.

"ఇసకలో కూర్చున్న పడవకి గుల్ల ఎక్కణ్ణుంచి పడుతుంది మర్హూన్? తాడు లాగే రోజున గడప గడపకీ పోయి జనాన్ని పిలిచేవాడు హుమైద్. వాడు పోయాక రండర్రా అని ఒక్క మాట అనడం నీకు చేతకాలేదు. ఆ తప్పు తీసుకెళ్ళి ఆ ముసలి గుల్ల మీద ఎందుకు పెడతావు?"

మామ మొహం వాడిపోయింది. ఆయన్ని అలా చూడ్డం నాకు కష్టమనిపించింది. ఖల్ఫాన్ తల దించుకున్నాడు. మామ పడవ పలక మీద చెయ్యి ఆనించి మెల్లగా అన్నాడు.

"చేతులు చూసుకోండి."

చూసుకున్నాం. అందరి చేతులూ తెల్లగా ఉన్నాయి. అప్పుడు గుర్తొచ్చింది మాకు. మా ఊళ్ళో పాత కట్టుబాటొకటి ఉంది. పడవకి సున్నం పూసిన చెయ్యి ఆ పడవ తాడు పట్టాలి. పట్టనివాడి పడవని ఆ ఏడు ఎవరూ ముట్టరు. ఇంజన్లు, ట్రాక్టర్లు వచ్చాక మేం మర్చిపోయాంగానీ ఆ కట్టుని ఎవరూ కొట్టెయ్యలేదు. ఖల్ఫాన్ తన అరచేతిని ఇసకలో తుడవబోయి, ఏమనుకున్నాడో, ఆగిపోయాడు.

"ఇది అడగడం కాదు, వలెయ్యడం" అన్నాడు సుబైత్.

"నాకు అడగడం రాదని నువ్వే అన్నావుగా."

"రావాలి. ఇన్నేళ్ళొచ్చాయి. నోటితో అడుగు, లేకపోతే నేను లేచి ఇంటికి పోతాను. కట్టు లేదు, ఏం లేదు."

అంతసేపు తిమింగలాల్ని వరసలో నిలబెట్టిన మనిషికి ఆ ఒక్క మాట గొంతులోంచి రావడానికి చాలాసేపు పట్టింది.

"రండి" అన్నాడు మామ. "గురువారం. నా ఒక్కడి వల్ల కాదు."

సుబైత్ లేచి గిన్నెలో మిగిలింది ఊడ్చి రెండు చేతులా పలకలకి రుద్దడం మొదలుపెట్టాడు. మేమూ లేచాం.

ఆ రోజు నుంచీ వంతులవారీగా పడవ కడుపులోకి సముద్రపు నీళ్ళు మోసి పోశాం, ఎండి విచ్చుకున్న పలకలు ఉబ్బి బిగుసుకోవాలని. గురువారం పోటుకి మూడు వీధుల వాళ్ళు వచ్చారు. ఖల్ఫాన్ మొదటి తాడు పట్టాడు. తండ్రి పిలిచినట్టే కేకేసి పిలిచాడు, గొంతు కూడా అచ్చం అదే. మబ్రూకా మూలుగుతూ కదిలి నీళ్ళలో దిగింది. ఆ ఏడంతా ఖల్ఫానే దాన్ని వేటకి తిప్పాడు. బల్లల మాట మళ్ళీ ఎత్తలేదు.

గాలి మారే కాలానికి అడుగు శుభ్రం చెయ్యడానికి పడవని మళ్ళీ ఒడ్డుకి లాగాం. మామ నీడలో తన చోట కూర్చుని ఉన్నాడు. సుబైత్ పడవ కిందికి దూరి, ఉలితో ఏదో పెళ్ళగించి తెచ్చి, మాటా పలుకూ లేకుండా మామ అరచేతిలో పెట్టాడు. బొటనవేలంత గుల్ల. అలాంటివి అడుగు నిండా ఉన్నాయి. ఇంగువకి గానీ సాంబ్రాణికి గానీ ఒక్కటి కూడా భయపడలేదు.

"పేరేం పెట్టమంటావు నీకు?" అన్నాడు సుబైత్.

మేమంతా మామ మొహంలోకి చూశాం. ఆయన ఆ గుల్లని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. ఇన్నేళ్ళ తర్వాత తన పడవ మీంచి వచ్చిన సముద్రపు వాసన అది. ఆయన కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి, తుడుచుకోలేదు.

"నీ ఇష్టం వచ్చిన పేరు పెట్టు" అన్నాడు. "ముసలావిడకి ఇచ్చిన మాట తప్పానని ఇన్నాళ్ళూ దిగులుగా ఉండింది. పోనీలే. పిల్లలకి ఇల్లు దొరికింది."

ఈసారి సుబైత్ కూడా కాదనలేదు.