అడిగితే కాదనలేక

కాట్రేనికోనలో బట్టలు కుడుతూ ఆవిడ ఒక్కతే ఉంటున్న ఇల్లు అది. అమలాపురం నుంచి కంప్యూటర్లు బాగుచేసే అతను వచ్చి చూసేసరికి తెర నిండా ప్రకటనలు ముసురుకుని ఉన్నాయి.

“జాకెట్ డిజైన్లు చూసుకోడానికి కొన్నానండి. ఇప్పుడేది తెరిచినా ఇవే వచ్చేస్తన్నాయి.”

“ముప్పై ఏడు సైట్లకి మీరే పర్మిషన్ ఇచ్చేరండి. నోటిఫికేషన్లు పంపించమంటారా అని అడిగినప్పుడల్లా ‘అలౌ’ నొక్కేసేరు.”

“ఆయ్, నొక్కేనండి. గుమ్మంలోకొచ్చి అడుగుతుంటే వద్దని ఎలా అంటామండి?”

“అడిగేది మనిషి కాదు కదండీ.”

“మా ఆయన మస్కట్ వెళ్ళేక నన్ను అడిగేవాళ్ళెవరండి? అందరూ కొలతలిచ్చేసి వెళ్ళిపోతారు.”

“మరి వైరస్ ఉందని గంటకోసారి చెప్తుంటే భయం వెయ్యలేదాండి?”

“లేదండి. పాపం, ఎవరో కనిపెట్టుకుని చూస్తన్నారనుకున్నాను.”

“అది ఉత్తుత్తిదేనండి. ఆ పర్మిషన్లన్నీ తీసేసేను. ఫ్రీ డిజైన్లని మీరు ఎక్కించిన ఎక్స్‌టెన్షనే మీ సెర్చ్ పేజీని మార్చేసింది, అదీ తీసేసేను. ఊరికే ఇస్తామన్నవేవీ ఎక్కించకండి. ఈసారి ఏ సైటు అడిగినా ‘బ్లాక్’ నొక్కెయ్యండి, చాలు.”

“నొక్కేస్తే మళ్ళీ అడగదాండి?”

“అడగదండి.”

“అయితే ఇంక చప్పుడే ఉండదన్నమాట.”

“హాయిగా ఉంటదండి. వస్తానండి మరి.”

“అయ్యో, మీరొస్తారని పొద్దున్నే కొబ్బరి బొండాలు దింపించేనండి. కూర్చుని ఒకటి తాగి వెళ్ళండి.”

“వద్దండి. ఓడలరేవులో ఇంకో కంప్యూటర్ చూడాలి.”

“ఆయ్. అలా అనాలన్నమాటండి, వద్దని.”