ఇంకో రెండు చుట్లు

1974 నవంబరు, ఉదయం. పటాన్‌చెరు దగ్గర ఒక ఫ్యాక్టరీ ఆసుపత్రి వెనక మైదానం. గుండెపోటు నుంచి కోలుకుంటున్న కార్మికుణ్ణి కాంపౌండరు నడిపిస్తున్నాడు.

"ఆగండి, నాడి చూడాలి. నెమ్మదిగా నడవమన్నాను కదా."

"నెమ్మదిగనే నడిసిన సారు. ఈ చెలక నాదే ఉండె. దున్నిన కాళ్లు, గింత దూరానికే అలుస్తయా?"

"దున్నేటప్పుడు మీకు గుండెపోటు రాలేదు. నాడి నూట ఇరవై దాటింది. కూర్చోండి."

"గా లెక్క కాయితంల రాస్తవా?"

"రాయాలి. మిమ్మల్ని మళ్లీ ఫర్నేసు దగ్గరికి పంపాలో వద్దో సోమవారం డాక్టరుగారు అది చూసే చెప్తారు."

"వద్దంటే?"

"తేలిక పని ఉంటే ఇస్తారు. లేకపోతే ఇంటికే."

"భూమి తీస్కొని ఇంటికొక్క కొలువిచ్చిన్రు. కొలువు పోతే భూమి మల్ల ఇస్తరా సారు?"

"అది నా చేతిలో లేదు. నడుస్తుంటే ఛాతీలో నొప్పి వస్తోందా?"

"వస్తుందంటే అది గూడ రాస్తవా?"

"రాస్తాను."

"అయితే వస్తలేదు."

"మరి ఎడమ చెయ్యి ఎందుకు పిసుక్కుంటున్నారు?"

"సలికి సారు. పా, ఇంకో రెండు సుట్లున్నయి."