హద్దా పెద్దమ్మ కూర్చున్న రోజు

సఫీ ఊరి రేవులో చేపల్ని డబ్బాల్లో పెట్టే ఫ్యాక్టరీలకి గడియారంతో పని లేదు. పడవలొచ్చి సార్డీన్లు దించగానే, ఆ చేప ఏ ఫ్యాక్టరీ కొంటే ఆ ఫ్యాక్టరీ సైరన్ కూస్తుంది. పొద్దున్న కావచ్చు, మధ్యాహ్నం కావచ్చు, పెళ్ళి విందు మధ్యలో కావచ్చు. ఒక్కోదానిది ఒక్కో గొంతు. ఒకటి మేకలా అరుస్తుంది, ఒకటి జలుబు చేసిన ముసలాడిలా. కొండవాలు సందులో ఆడవాళ్ళని పిలిచేది మాత్రం దూడని పోగొట్టుకున్న ఆవు గొంతు. అది వినపడిందా, పొయ్యి మీద కూర పొయ్యి మీదే, దువ్వెన జుట్టులోనే, పరుగు. ఆ సందులో ఒకావిడ కాన్పు మధ్యలో లేచి వెళ్ళి, డబ్బాలు నింపి వచ్చి, తీరిగ్గా మిగతాది కన్నదని చెప్పుకుంటారు. చెప్పుకోవడమేమిటి, ఆ పిల్లాడు ఇప్పటికీ ఏ పనీ ఒక్కసారిలో పూర్తి చెయ్యడు.

ఆ రోజు మాత్రం ఆవు ఎంత అరిచినా ఎవరూ లేవకూడదని ఒట్టు. రొట్టె మీద ఉప్పు చల్లి తలా ఒక ముక్క తిని మరీ పెట్టుకున్న ఒట్టు.

ఒట్టంతా మహ్జూబా కోసం. పాలు తాగే పిల్లని ఇంట్లో చూసేవాళ్ళు లేక, ఆమె ఖాళీ డబ్బాల పెట్టెలో గుడ్డలు పరిచి పడుకోబెట్టి, బల్ల కింద దాచుకుని పనిచేసేది. పక్కవాళ్ళందరికీ తెలుసు, పిల్ల ఏడిస్తే అందరూ కలిసి దగ్గేవాళ్ళు. మొన్న మేస్త్రీ సరిగ్గా ఆ బల్ల దగ్గర ఆగినప్పుడే పిల్ల కేర్‌మంది. దగ్గులు చాలలేదు. మేనేజరు మహ్జూబాని గేటు బయటికి పంపేశాడు. ఆమెని మళ్ళీ తీసుకుంటేనే వస్తామని ఆడవాళ్ళు కబురంపారు. జవాబు రాలేదు. ఇక మాట్లాడాల్సింది చేపే. సార్డీను మధ్యాహ్నందాకా ఆగుతుంది, సాయంత్రందాకా ఆగదు. ఆగలేని చేప మేనేజరుని వంచాలి, లేదా ఆగలేని ఏ కాలో ఒకటి లేచి మహ్జూబాని ముంచాలి. ఒక్కతె లేస్తే చాలు, మిగతావాళ్ళు మందలా వెంటపడతారు.

ఆ సంగతి అందరికన్నా మహ్జూబాకే బాగా తెలుసు. అందుకే హద్దా పెద్దమ్మ ఇంటి మెట్ల మీద పిల్లని ఒళ్ళో వేసుకుని కూర్చుని, ముఖాలు చూడ్డం మానేసి కాళ్ళు చూస్తోంది. మెట్ల మీద, బోర్లించిన బకెట్ల మీద, గోడవారన, సందు నిండా కాళ్ళే. రేవు మీద తెల్ల పిట్టలు ముద్దలా తిరుగుతున్నాయి. అంటే పడవలొచ్చేశాయి. గ్లాసుల్లో పుదీనా టీ చల్లారిపోతోంది, ఎవరూ ముట్టుకోవట్లేదు. హద్దా పెద్దమ్మ ఒక్కతే తన గ్లాసు అయిపోగొట్టి, పక్కదాని గ్లాసు కూడా అందుకుని తాగేసి, మూతి తుడుచుకుంది. ఆ ఫ్యాక్టరీలో ఆమె గోడలకన్నా పాతది.

"ఎందుకర్రా ఆ ముఖాలు? ఇదేమన్నా కొత్తా? మా ఆడపడుచుని తీసేసినప్పుడు నేనేం చేశాను? ఏం చెయ్యలేదు. కూర్చున్నానంతే."

"ఆమెనెందుకు తీసేశారు?" అంది ఘన్నో. ఆమె పొద్దుటి నుంచి తలగుడ్డ ముడి విప్పుతోంది, కడుతోంది, మళ్ళీ విప్పుతోంది. మహ్జూబా భయమంతా ఆ ముడి మీదే.

"మేనేజరు ముందు ఆవలించిందని."

"పోయినసారి తుమ్మిందన్నావు పెద్దమ్మా." ఈ మాట ఇజ్జాది. ఎదురింటిది, కత్తితో చేప తల ఎంత నున్నగా కోస్తుందో మాటతో మనిషినీ అంతే.

"ఆవలిస్తూ తుమ్మింది. నడుమ రాకు. సరే, నేను వెళ్ళి గంప బోర్లించి కూర్చున్నాను. మేస్త్రీ వచ్చి లేవమన్నాడు. నేను లేస్తాను బాబూ, నా మోకాళ్ళే ఒప్పుకోవట్లేదు, వాటినే అడుగు అన్నాను. వంగి అడిగాడే. మోకాళ్ళనే. మర్యాదగా, మీరూ అని పిలిచి మరీ అడిగాడు. అవి పలకలేదు. అది చూసి నా పక్కది కూర్చుంది, దాని పక్కది కూర్చుంది, అలా బల్ల బల్లంతా, ఆ వెనక హాలు హాలంతా. అంతమందిమి ఒక్కసారి కూర్చునేసరికి ఏమైందో తెలుసా? రేవులో నీళ్ళు నిలువెత్తు లేచాయి. పడవలు ఎగిరొచ్చి గట్టు మీద వరసగా కూర్చున్నాయి, కోళ్ళలాగా."

ఎవరో కిసుక్కుమన్నారు. అంతలో కింద మేక అరిచింది.

నవ్వు అక్కడే ఆగిపోయింది. అది పక్క ఫ్యాక్టరీ కూత. పై సందు ఆడవాళ్ళు రొట్టె నములుతూ, తలగుడ్డలు కట్టుకుంటూ వీళ్ళ ముందు నుంచే పరిగెత్తారు. "ఇంకా కూర్చునే ఉన్నారా? మీ ఇళ్ళల్లో ఎవరూ తినరా?" అని ఒకతె అడుగుతూనే మలుపు తిరిగిపోయింది. ఆ మాట సందులో ఉండిపోయింది. ఘన్నో ముడి గట్టిగా బిగించింది. వద్దు, వెళ్ళకు అని మహ్జూబా ఎలా అడుగుతుంది? ఘన్నోకి మాత్రం పిల్లల్లేరా?

"చేపల సంగతి చెప్పలేదు కదూ," అంది పెద్దమ్మ, గొంతు కాస్త పెంచి. "మేము కూర్చుంటే మేనేజరు తనే ఏప్రాన్ కట్టుకుని డబ్బాలు నింపబోయాడు. ఒక సార్డీనుని పడుకోబెట్టాడు. అది లేచి కూర్చుంది. ఇంకోదాన్ని పెట్టాడు. అదీ కూర్చుంది. డబ్బా నిండా చేపలు కూర్చునే ఉన్నాయి, మూత ఎలా పడుతుంది?"

"తల కోసేసిన చేప కూర్చుందో పడుకుందో నీకెలా తెలిసింది?" అంది ఇజ్జా.

"తోక మడిచి కింద వేసుకుంటే కూర్చున్నట్టు కాదుటే? తల ఉన్నదానివి, ఆ మాత్రం తెలీదూ? సరే. మేనేజరుకి ఒళ్ళు మండి సైరన్ లాగమన్నాడు. లాగారు. అది నోరు తెరిచింది, కిటికీలోంచి నన్ను చూసింది, నోరు మూసుకుంది. సిగ్గేసింది పాపం. ఆ తర్వాత వారం దాకా ఎక్కిళ్ళే."

"పెద్దమ్మా, నువ్వు లేవనిదానివి కదా, పొద్దున్నే ఏప్రాన్ ఎందుకు కట్టుకున్నావు?" మళ్ళీ ఇజ్జానే.

"చలికి," అంది పెద్దమ్మ, చెమట తుడుచుకుంటూ.

మహ్జూబా అప్పుడు చూసింది పెద్దమ్మ కాళ్ళని. ఇంతసేపూ చూడాలనిపించని కాళ్ళు అవే. రబ్బరు చెప్పుల్లో మడమలు నేలకి ఆనలేదు. మునివేళ్ళ మీద నిలబడి ఉన్నాయి, కూత వింటున్నట్టు.

"ఆ తర్వాత ఇంకా విను," అని పెద్దమ్మ ఊపిరి కూడా తీసుకోకుండా అందుకుంది. ఆమె మాట ఆగితే సందులో సముద్రం వినపడుతోంది, రేవులో క్రేను కిర్రుమనడం వినపడుతోంది, అందుకే కాబోలు ఆగట్లేదు. "మమ్మల్ని చూసి సూర్యుడు కూడా కూర్చున్నాడు. మధ్యాహ్నం అలాగే ఉండిపోయింది. సాయంత్రం నమాజుకి పిలవాల్సిన మసీదు ముసలాయన మినారు ఎక్కడం, సూర్యుణ్ణి చూడ్డం, తల గోక్కుని దిగిపోవడం. ఎక్కి దిగి ఎక్కి దిగి ఆయన చెప్పులరిగిపోయాయి. దేవుడి దయవల్ల అది ఉపవాసాల నెల కాదు, లేకపోతే ఊరు ఊరంతా పోయేది."

ఈసారి ఘన్నో కూడా నవ్వింది. నవ్వుతూనే కొండ కిందికి చూసింది. పిట్టల ముద్ద రేవు మీంచి కదిలి సరిగ్గా వాళ్ళ ఫ్యాక్టరీ కప్పు మీదికి వచ్చింది. చేప ఎవరిదో పిట్టలకి ముందే తెలుస్తుంది. అందరూ చూశారు. మహ్జూబా పిల్లని గుండెకి అదుముకుంది, పిల్ల నిద్రలోనే ఇబ్బందిగా కదిలింది.

"అప్పుడు ఓనరుకి కబురెళ్ళింది," అంది పెద్దమ్మ, ఇప్పుడు మరీ వేగంగా. "ఎక్కడో ఫ్రాన్సులో భోంచేస్తున్నవాడు చెయ్యి కడుక్కోకుండా విమానమెక్కాడు. సముద్రం దాటాడు, సరిగ్గా మా ఫ్యాక్టరీ మీదికొచ్చాడు. నేను తలెత్తి చూశాను. అంతే. విమానం ఆకాశంలోనే కూర్చుంది. ముందుకి రాదు, వెనక్కి పోదు. ఓనరు కిటికీలోంచి తల బయటపెట్టి, అమ్మా హద్దా, నీ ఆడపడుచుని తీసుకుంటాను, ఎంతసేపైనా ఆవలించనీ, నన్ను కిందికి దింపు అని ఏడుస్తున్నాడు. నేనన్నాను కదా, అయ్యా, నువ్వు మమ్మల్నెరగవు. నీ సైరన్ ఈ లోకం ఆఖరయ్యేదాకా కూయనీ, మాలో ఒక్కదాని కాలి వేలు కూడా కదల..."

ఆవు అరిచింది.

వాళ్ళదే. పొడుగ్గా, కడుపులోంచి. గోడలు వణికాయి, గ్లాసులు పళ్ళెంలో గలగలమన్నాయి, ఊళ్ళో ఉన్న నిజం ఆవులన్నీ జవాబు చెప్పాయి.

సందులో ఒక మనిషి లేచి నిలబడింది.

ఘన్నో కాదు. హద్దా పెద్దమ్మ. లేవడమే కాదు, అప్పటికే మెట్లు దిగి, ఒక చేత్తో ఏప్రాన్ ముడి బిగిస్తూ, రెండో చేత్తో నడుములో కత్తి తడుముకుంటూ సందు మధ్యకి వెళ్ళిపోయింది. ఆమె ముఖంలో ఏమీ లేదు. నిద్రలో నడిచేవాళ్ళ ముఖం. వెనక బకెట్లు కదిలాయి. ఘన్నో సగం లేచింది. గోడవారన ఇంకో ఇద్దరు చేతులు నేల మీద ఆనించారు.

మహ్జూబా పెద్దమ్మ వెనక చెయ్యి చాచింది. నా కోసం ఆగండి అనాలి, రాలేదు. ఒట్టు గుర్తుచెయ్యాలి, అదీ రాలేదు. ఏది వచ్చిందో అదే అనేసింది.

"పెద్దమ్మా, విమానాన్ని దింపి వెళ్ళు. ఓనరు ఇంకా పైనే ఉన్నాడు."

ఇజ్జా ఫక్కున నవ్వింది. ఆ వెనక సందు సందంతా నవ్వింది. పొద్దుటి నుంచి బిగబట్టిన భయమంతా నవ్వై బయటికొచ్చి, లేవబోయినవాళ్ళని మళ్ళీ కూర్చోబెట్టింది. ఘన్నో బకెట్ మీద ధబ్బున కూలబడి కళ్ళు తుడుచుకుంది. ఆ నవ్వుకి కొండ మీద కుమ్మరివాళ్ళ కుండలు పగిలాయంటారు. పగిలినవి కొత్తవేనట కూడాను.

హద్దా పెద్దమ్మ సందు మధ్యలో నిలబడి తన కాళ్ళ వంక చూసుకుంది. ఎవరివో కాళ్ళని చూసినట్టు చాలాసేపు చూసింది. తర్వాత వెనక్కొచ్చి మహ్జూబా పక్కన కూర్చుంది. కథ ఎత్తుకోలేదు. మళ్ళీ సైరన్ కూసింది. ఆమె మడమలు లేచాయి. పక్కకి చూడకుండానే ఏప్రాన్ కొస తీసి మహ్జూబా చేతిలో పెట్టి, ఆ గుప్పిట తన చేత్తో మూసింది.

కూత ఆగింది. ఎండ గోడ మీంచి నేల మీదికి దిగింది. అప్పుడు సందు మొదట్లో మేస్త్రీ కనిపించాడు, టోపీ చేతిలో పట్టుకుని, కొండెక్కి రొప్పుతూ. ఆ సందులోకి ఇన్నేళ్ళలో కూతే వచ్చేది, మేస్త్రీ ఎప్పుడూ నడిచి రాలేదు. అతను మిగతావాళ్ళని పట్టించుకోవట్లేదు, వెతుక్కుంటూ వెతుక్కుంటూ పిల్లనెత్తుకున్న మనిషి దగ్గర చూపు ఆపాడు.

"ఎవరూ లేవకండి," అంది హద్దా పెద్దమ్మ సందంతా వినపడేట్టు. తర్వాత మహ్జూబా వైపు వంగి, ఆమెకి మాత్రమే వినపడేట్టు అంది:

"గట్టిగా పట్టుకోవే. నన్నూ లేవనీకు."