మెడ నుంచి దిగివచ్చిన కండరం

ఈ సభకు పెద్దగా కూర్చున్న ప్రిన్సిపాల్‌గారికీ, నన్ను పొగిడి పొగిడి అలసిపోయి మంచినీళ్లు తాగుతున్న తోటి అధ్యాపకులకూ, ముందు వరసలోంచి నాకు గడియారం చూపిస్తున్న మా ఇంటావిడకూ, ఇంకా కబుర్లు ఆపని వెనక బెంచీలకూ నమస్కారం. (నవ్వులు)

నేను విశ్రాంతి కోరి ముందుగానే ఉద్యోగం వదులుతున్నానని ఇందాకటి వక్తలు మర్యాదగా అన్నారు. వరండాలో మాత్రం ప్రిన్సిపాల్‌గారికీ నాకూ చెడిందని చెప్పుకుంటున్నారట. ఆయన ఏ పాపమూ ఎరగరు. ఛాతీకీ పొట్టకూ మధ్య గొడుగులా పరుచుకుని మనకు ఊపిరి లాగిపెట్టే కండరం ఒకటుంది, డయాఫ్రం అంటారు. నాది నీరసిస్తోంది. నరాల జబ్బు, నయమయ్యే రకం కాదు. వెల్లకిలా పడుకోలేను, కుర్చీలోనే కునుకు తీస్తాను, పొడుగు వాక్యం ఎత్తుకుంటే మధ్యలో (ఆగి) ఇదిగో, ఇలా ఆగాల్సివస్తోంది.

"అయిదు నిమిషాలు మాట్లాడి దిగిపొండి, పాఠం మొదలెట్టారో నేనే వచ్చి మైకు లాక్కుంటా" అని మా ఆవిడ ఇంటి దగ్గరే చెప్పింది. కానీ కొత్తగా చేరిన పిల్లలకు ఈ కండరం పాఠం వచ్చే నెల. అప్పటికి నా ఊపిరి ఏపాటి ఉంటుందో తెలియదు. ఆ పాఠం ఒక్కసారి నా నోటితో చెప్పి దిగాలన్నదే నా కోరిక. కాబట్టి వినండి, తప్పదు.

నెల తిరిగేసరికి పిండం బియ్యపుగింజంత ఉంటుంది. వెన్నెముక రాబోయే చోట అటూ ఇటూ జతలుజతలుగా చిన్న దిమ్మలు లేస్తాయి. ఒంట్లో చాలా కండరాలకు పుట్టిల్లు అవే. కొన్ని కణాలు అక్కడే ఉండి వీపు కండరాలవుతాయి, కొన్ని బయల్దేరి చేతుల్లోకీ కాళ్లలోకీ వెళ్లిపోతాయి. చేరినచోట వరసగా నిలబడి, ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, పొడుగాటి పోగులవుతాయి. అలా కలిశాక మళ్లీ విడిపోవు. మన స్టాఫ్ మీటింగుల్లో ఇన్నేళ్లుగా జరగనిది అదే. (నవ్వులు)

మన గొడుగు కండరానికి కణాలు వచ్చేది మెడ దగ్గరి దిమ్మల నుంచి. నరం కూడా అక్కడే అందుతుంది. తర్వాత గుండె, ఊపిరితిత్తులు పెరుగుతూంటే అది కిందికి దిగుతుంది, నరాన్ని వెంట లాక్కుంటూ. "నడుము దగ్గర బోలెడు నరాలున్నాయిగా సార్, అక్కడిది తగిలించుకోవచ్చుగా?" అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. తగిలించుకోదు. ఇందులో నీతి ఏమీ లేదు, వెతక్కండి.

ప్రిన్సిపాల్‌గారూ, ఈ పసుపుపచ్చ ఉన్ని దారం ఆ నరమనుకోండి, దీని కొస కాస్త పట్టుకోండి. ఇవాళ మెడ మీరే. వదిలేరు సుమా, మా ప్రాణాలు మీ చేతిలో ఉన్నాయి. (నవ్వులు) చిన్న మేడం, గొడుగు తెరువమ్మా. ఈమె నా దగ్గరే చదువుకుని ఇప్పుడు నా పక్కన పాఠాలు చెబుతోంది. మొదటిసారి క్లాసులో ఈ గొడుగు పట్టుకోమంటే సిగ్గుతో చచ్చిపోయింది. నడు తల్లీ, తలుపు దాకా, మెల్లగా.

(ఆమె గొడుగు పట్టుకుని, ఉన్ని వదులుకుంటూ వరసల మధ్య నడిచారు)

చూశారా, మెడ ఎక్కడ, గొడుగు ఎక్కడ. (ఆగి) నువ్వు లేవకు, నేనే కూర్చుంటాను. మా ఆవిడతో అంటున్నాను. (కూర్చుని)

ఇక చివరి ముక్క. ఈ కండరం కడుపులో ఉండగానే కదలడం మొదలుపెడుతుంది. అక్కడ గాలి లేదు, చుట్టూ నీరే. అయినా ఊపిరి తీస్తున్నట్టే ఆడుతుంది, కాసేపు ఆడి, కాసేపు ఆగి. ఎందుకంటే...

(ఊపిరి అందక ముందుకు వంగారు)

(తలుపు దగ్గర నుంచి చిన్న మేడం:) "ఎందుకంటే, అలా ఆడకపోతే ఊపిరితిత్తులు సరిగ్గా పెరగవు. బయటికొచ్చాక మొదటి ఊపిరికి అది సిద్ధంగా ఉండాలి."

అదీ. పాఠం పూర్తయింది, నేను చెప్పినా ఆమె చెప్పినా ఒకటే. ఇన్నేళ్లూ ఈ మాట పుస్తకం అప్పజెప్పినట్టు చెప్పాను. ఇప్పుడు కుర్చీలో కళ్లు మూసుకుంటే నా కండరం పడే అవస్థ నాకే తెలుస్తోంది, భయం వేస్తోంది. దాచడం దేనికి? నేను పుట్టకముందే పనిలోకి దిగింది, ఒక్క రోజూ నాగా పెట్టలేదు. మీ చప్పట్లలో సగం దానివి.

అందరికీ కృతజ్ఞతలు. ప్రిన్సిపాల్‌గారూ, ఇక ఆ కొస వదిలేయొచ్చు.

(ప్రిన్సిపాల్‌గారు వదల్లేదు)

సరే, పట్టుకోండి. సెలవు.